మళ్లీ ఆపరేషనా?

బరువు తగ్గడానికి ఒకసారి ధైర్యం చేసి ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లొచ్చారు. తగ్గారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఏళ్లు గడిచేసరికి అంకెలు మళ్లీ పైకి పాకాయి. 'ఇంకో ఆపరేషన్ చేస్తే మంచిదేమో' అన్నారు డాక్టరు. గుండె గుభేల్‌మంది. చేయించుకోవాలా, వద్దా? తేల్చుకునేదెలా?

బీరువా పై అరలో మూటగట్టిన పాత బట్టలు మళ్లీ కింది అరలోకి దిగుతున్నాయంటే ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. కానీ అందరికీ తెలుస్తుంది. తెలిసిందన్న సంగతి ఆమెకీ తెలుస్తుంది. వదులైందని తీసి దాచిన ఉంగరం మళ్లీ వేలికి బిగుస్తుంది. మానేసిన షుగరు మాత్ర మళ్లీ మందుల డబ్బాలోకి చేరుతుంది. రెండంతస్తులు గబగబా ఎక్కిన కాళ్లు మొదటి అంతస్తులోనే ఆగిపోతాయి. పెళ్లికి రమ్మని పిలుపు వస్తే ఏదో సాకు చెప్పి తప్పించుకోవాలనిపిస్తుంది. 'ఆపరేషన్ చేయించుకుంది కదా, మళ్లీ ఇలా అయిందేంటి?' అని అక్కడ ఎవరో ఒకరు అడక్క మానరు మరి!

బేరియాట్రిక్ సర్జరీ మనకు కొత్తేం కాదు. భాజపా నేతలు నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో ఇలాంటి శస్త్రచికిత్సలు చేయించుకున్నప్పుడు పత్రికలన్నీ రాశాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. వాళ్లలో కొందరు సర్జన్ గుమ్మం తొక్కారు. పదేళ్ల కిందట అలా వెళ్లొచ్చినవారిలో కొందరి ముందు ఇప్పుడు రెండో ప్రశ్న నిలబడింది. వైద్యులు దాన్ని 'రివిజన్ సర్జరీ' అంటారు. అంటే, ఇదివరకు చేసిన ఆపరేషన్‌ను సరిదిద్దడం, మరో రకంగా మార్చడం, లేదా మొత్తంగా వెనక్కి తిప్పడం.

మొదటిసారి కంటే ఈ నిర్ణయం కష్టం. అప్పుడు తెలియనితనం కొంత ధైర్యాన్నిచ్చింది. ఇప్పుడు అన్నీ తెలుసు. నొప్పి తెలుసు, ద్రవాహారంతో గడిపిన వారాలు తెలుసు, అయిన ఖర్చు తెలుసు. పైగా ఎదురుదెబ్బ రుచి కూడా తెలుసు!

నోరు కట్టుకోలేదా?

బరువు తిరిగి రాగానే ముందుగా వేలు చూపించేది మనిషివైపే. 'నోరు కట్టుకుంటే సరిపోయేది కదమ్మా!' అంటారు పెద్దవాళ్లు. ఆ మాట పైకి అనకపోయినా రోగి తనకు తానే అనుకుంటుంది. చాలామంది డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లకుండా ఏళ్ల తరబడి ఆగిపోయేది ఈ సిగ్గుతోనే.

శాస్త్రం ఏమంటోంది? స్వీడన్‌లో 1987లో మొదలైన ఓ భారీ అధ్యయనం ఊబకాయ శస్త్రచికిత్సలు చేయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించింది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు తొలి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. బ్యాండ్ వేయించుకున్నవారిలో 20 శాతం కాస్తా 14 శాతానికి వచ్చింది. అంటే కొంత బరువు తిరిగి రావడం ఏ ఒక్కరి అపరాధమో కాదు, అందరిలోనూ కనిపించిన తీరు. బరువు తగ్గిన శరీరం దాన్ని కరవుగా భావిస్తుంది. ఆకలిని పెంచుతుంది, ఖర్చుచేసే శక్తిని తగ్గించుకుంటుంది. ఆపరేషన్ ఆ పోరులో మనవైపు నిలబడే బలమైన తోడు. అంతేగానీ, పోరును శాశ్వతంగా ముగించే మంత్రదండం కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న 'స్లీవ్' ఆపరేషన్ మొదట్లో పూర్తి చికిత్సే కాదు! పెద్ద ఆపరేషన్‌లో అదొక భాగం. 2000 సంవత్సరం ప్రాంతంలో అమెరికా వైద్యులు బాగా ఎక్కువ బరువున్నవారికి ముప్పు తగ్గించడం కోసం దాన్ని మొదటి అంచెగా చేసేవారు. కొంత బరువు తగ్గాక రెండో అంచె చేయాలన్నది ప్రణాళిక. మొదటి అంచెతోనే కొందరు బాగా తగ్గిపోవడంతో అదే విడి చికిత్సగా స్థిరపడింది. ఆ రకంగా చూస్తే రెండో ఆపరేషన్ అన్న ఆలోచన ఈ వైద్యంలో మొదటి నుంచీ ఉన్నదే.

బరువు తిరిగి వచ్చిందని నలుగురిలో ఒప్పుకున్నవారూ ఉన్నారు. అమెరికా గాయని కార్నీ విల్సన్ 1999లో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుంటూ దాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయించి సంచలనం సృష్టించింది. బాగా సన్నబడింది. తరవాత బరువు పెరిగింది. 2012లో మళ్లీ సర్జన్ దగ్గరికి వెళ్లి బ్యాండ్ వేయించుకుంది. ఫుట్‌బాల్ దిగ్గజం మారడోనా 2005లో కొలంబియాలో బైపాస్ చేయించుకున్నాడు. పదేళ్ల తరవాత 2015లో వెనెజులాలో రెండోసారి బల్లమీద పడుకున్నాడు. డబ్బుకూ, వైద్యులకూ కొదవలేనివారి కథే ఇలా ఉంటే మామూలు మనిషి తలదించుకోవాల్సిన పనేముంది?

ఎక్కడ తేడా వచ్చింది?

రెండోసారి వెళ్లాలా వద్దా అన్నదానికి ముందు తేలాల్సిన ప్రశ్న వేరే ఉంది. మొదటిది ఎందుకు పట్టు తప్పింది? దీనికి జవాబు దొరక్కుండా కత్తి పట్టడం, పంచర్ ఎక్కడుందో చూడకుండా మళ్లీ గాలి కొట్టడం లాంటిదే.

ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కో బలహీనత ఉంటుంది. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా తొలగిపోతుంది కాబట్టి ఆకలి తగ్గుతుంది. కాలక్రమంలో ఆ గొట్టం కొంత సాగొచ్చు. కొందరిలో పులుపు పైకి తన్ని గుండెల్లో మంట వేధిస్తుంది. ఫిన్లాండ్‌లో 240 మందిపై చేసిన అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. స్లీవ్ చేయించుకున్నవారిలో 31 శాతం మందికి అన్నవాహికలో పుండ్లు, వాపు కనిపించాయి. బైపాస్ చేయించుకున్నవారిలో అలాంటివారు 7 శాతమే.

బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆ కలిపిన చోట దారి వెడల్పయితే తిన్నది త్వరగా జారిపోయి, కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలవదు. ఒక్కోసారి చిన్న సంచికీ, పాత జీర్ణాశయానికీ మధ్య దొంగదారి ఏర్పడుతుంది. ఇక జీర్ణాశయం చుట్టూ బిగించే బ్యాండ్ పక్కకు జారొచ్చు, లోపలికి కోసుకుపోవచ్చు. పన్నెండేళ్లకు పైగా గడిచిన రోగులను పరిశీలించిన బెల్జియం వైద్యులు, దాదాపు సగం మందికి బ్యాండ్ తీసేయాల్సి వచ్చిందని 2011లో తేల్చారు. ఒకప్పుడు వెలిగిన ఆ పద్ధతి ఇప్పుడు వెనకబడటానికి ఇదో కారణం.

లోపం ఆపరేషన్‌లో లేకపోవచ్చు కూడా. స్లీవ్ గొట్టం గట్టి ఆహారాన్ని అడ్డుకుంటుంది. పాయసాన్నీ, కూల్‌డ్రింకునూ, ఐస్‌క్రీమునూ కాదు! టీవీ ముందు కూర్చుని అరగంటకోసారి నాలుగు జంతికలు, గుప్పెడు మిక్చర్ నమిలితే ఎంత చిన్న సంచి అయినా చేసేదేముంది? థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, కాన్పులు, నిద్రలేమి, దిగులు... ఇవన్నీ బరువు పెంచేవే.

అందుకే మంచి సర్జన్ రెండోసారి వచ్చినవారికి ముందు తేదీ ఇవ్వరు, పరీక్షలు రాస్తారు. మొదటి ఆపరేషన్ కాగితాలు తెమ్మంటారు. ఎండోస్కోపీతో లోపల చూస్తారు. బేరియం లాంటి ద్రవం తాగించి ఎక్స్‌రే తీసి, తిన్నది ఏ దారిన పోతోందో గమనిస్తారు. రక్తంలో హిమోగ్లోబిన్, ఇనుము, బి12, డి విటమిన్, థైరాయిడ్, మూడు నెలల సగటు చక్కెర చూస్తారు. డైటీషియన్ దగ్గరికీ, మానసిక నిపుణుల దగ్గరికీ పంపుతారు. ఇవేవీ లేకుండా మొదటి కలయికలోనే 'వచ్చే మంగళవారం చేసేద్దాం' అన్నారంటే... మరో అభిప్రాయం తీసుకోవాల్సిందే.

ఇద్దరికీ ఒకే జవాబు కాదు

ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకుందాం. ఆమెకు 44 ఏళ్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు. తొమ్మిదేళ్ల కిందట 112 కిలోలున్నప్పుడు స్లీవ్ చేయించుకుంది. 74కి దిగింది. ఇప్పుడు 91. అంతకంటే పెద్ద బాధ రాత్రుళ్లు. పడుకుంటే పులుపు గొంతులోకి తన్నుకొస్తుంది. మూడు దిండ్లు వేసుకుని కూర్చున్నట్లే నిద్రపోతుంది. ఏళ్లుగా మంటకు మాత్రలు మింగుతోంది. ఎండోస్కోపీలో అన్నవాహిక ఒరిసిపోయిందనీ, జీర్ణాశయం పైభాగం కొంత ఛాతీలోకి జారిందనీ తేలింది. ఇలాంటి వారికి స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం గురించి డాక్టర్లు గట్టిగానే చెబుతారు. ఇక్కడ ప్రశ్న కిలోలది మాత్రమే కాదు. మందులకు లొంగని మంట అన్నవాహికను ఏళ్ల తరబడి కాలుస్తుంటే ఆగడంలో కూడా ముప్పు ఉంటుంది.

అతనికి 38. ఆరేళ్ల కిందట అదే ఆపరేషన్. తగ్గిన 40 కిలోల్లో 18 తిరిగొచ్చాయి. మంట లేదు. ఎండోస్కోపీలో గొట్టం చక్కగా ఉంది. డైటీషియన్ వారం రోజులు తిన్నవన్నీ రాయమంటే అసలు సంగతి బయటపడింది. పగలంతా పద్ధతిగానే తింటున్నాడు. ఆఫీసు నుంచి వచ్చాక మొదలవుతోంది... రెండు పెగ్గులు, పక్కన వేయించిన పల్లీలు, అర్ధరాత్రి వరకూ ఏదో ఒకటి. ఇతనికి మళ్లీ కత్తి పెడితే బాగుపడేదేమిటి? పైగా బైపాస్ తరవాత మద్యం త్వరగా రక్తంలో కలుస్తుంది, వ్యసనంగా మారే ముప్పు పెరుగుతుంది. ఇతను ముందు వెళ్లాల్సింది థియేటర్‌లోకి కాదు, కౌన్సెలింగ్ గదిలోకి.

బరువు ఇద్దరికీ పెరిగింది. జవాబు మాత్రం వేరు. ఎన్ని కిలోలు తిరిగొస్తే రెండో ఆపరేషన్ చేయాలన్నదానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే గీత లేకపోవడానికి కారణం ఇదే.

భయాన్ని విడదీస్తే...

'భయంగా ఉంది' అన్నది ఒకటే మాట. విప్పి చూస్తే లోపల నాలుగైదు ఉంటాయి.

మొదటిది ప్రాణభయం. 2015లో సినీనటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు తెలుగు ఇళ్లలో ఈ భయం బాగా పాతుకుపోయింది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె చేయించుకున్నారని వార్తల్లో వచ్చింది లైపోసక్షన్. చర్మం కింద కొవ్వును లాగేసే ఆ పద్ధతి వేరు, జీర్ణాశయంపై చేసే బేరియాట్రిక్ సర్జరీ వేరు. మరి దీనిలో ముప్పు ఎంత? అమెరికాలో మొదటిసారి ఆపరేషన్ చేయించుకున్న 4,776 మందిని పరిశీలించిన అధ్యయనం 2009లో వెలువడింది. 30 రోజుల్లో మరణించినవారు 0.3 శాతం. అంటే వెయ్యికి ముగ్గురు.

రెండోసారి ముప్పు అంతకంటే ఎక్కువే. ఇది దాచాల్సిన విషయం కాదు. పాత గాయాల వల్ల లోపల అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మచ్చకట్టిన కణజాలంపై మళ్లీ కుట్లు వేయాలి. అక్కడ రక్తప్రసరణ మునుపటంత బాగుండదు. దాంతో కుట్ల దగ్గర లీకు కావడం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి రావడం లాంటివి మొదటిసారి కంటే ఎక్కువగా కనిపిస్తాయి. తగ్గే బరువేమో సాధారణంగా మొదటిసారి కంటే తక్కువ. ఈ రెండు మాటలూ చెప్పకుండా 'ఏం పర్లేదు' అని భుజం తట్టేవారిని నమ్మకూడదు. అలాగని ముప్పు అందరికీ ఒకటే కాదు. వయసు, గుండె, ఊపిరితిత్తులు, పొగతాగే అలవాటు, అంతకుముందు ఏ ఆపరేషన్ జరిగింది, సర్జన్‌కు రివిజన్లలో ఎంత అనుభవం ఉంది... వీటిని బట్టి మారుతుంది. కొన్ని మన చేతుల్లోనే ఉంటాయి. పొగ మానేయడం, చక్కెరను అదుపులోకి తెచ్చుకోవడం, రక్తహీనతను సరిచేసుకోవడం, ఆపరేషన్‌కు ముందు డాక్టరు చెప్పినన్ని రోజులు తక్కువ క్యాలరీల ఆహారంతో కాలేయంలో కొవ్వు తగ్గించుకోవడం లాంటివి.

రెండోది 'ఇదీ పనిచేయకపోతే?' అన్న భయం. దీన్ని కొట్టిపారేయలేం. అందుకే ఫలితం అంటే ఏమిటో ముందే కాగితం మీద రాసుకోవాలి. పెళ్లినాటి చీర జాకెట్టు పట్టడమా? రాత్రి మంట లేకుండా నిద్రపోవడమా? ఇన్సులిన్ మోతాదు తగ్గడమా? మొదటిదే లక్ష్యమైతే నిరాశ తప్పకపోవచ్చు. చివరి రెండూ అయితే ఆశకు ఆధారం ఉంది.

మూడోది తరవాతి జీవితం. బైపాస్ అయితే బి12, ఇనుము, క్యాల్షియం, డి విటమిన్ జీవితాంతం వేసుకోవాల్సిందే. తీపి ఎక్కువ తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే బిళ్లలు పేగు కలిపిన చోట పుండు పుట్టించొచ్చు. పొగ తాగినా అంతే. పిల్లల్ని కనాలనుకునేవారు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినాలంటారు. శాకాహారుల ఇంట్లో పప్పు, పెరుగు, పనీరు, సోయా ముందు తిని, అన్నం చివర్లో రెండు ముద్దలకు పరిమితం కావాలి. ఆవకాయ అన్నంతో మొదలయ్యే మన భోజనం తలకిందులవుతుందన్నమాట!

నాలుగోది డబ్బు. 'అప్పుడే అన్ని లక్షలు పోశాం కదా' అన్న మాటలో కోపం కంటే దిగులే ఎక్కువ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఊబకాయ శస్త్రచికిత్సకు బీమా వర్తించాలంటే డాక్టరు సలహా ఉండాలి, వయసు 18 దాటాలి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. తీవ్రమైన గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, అదుపులేని మధుమేహం లాంటివి ఉంటే 35 ఉన్నా చాలు. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి బీఎంఐ 40 అంటే దాదాపు 102 కిలోలు, 35 అంటే దాదాపు 90. రెండో ఆపరేషన్‌కు ఇది ఎలా వర్తిస్తుందో బీమా కంపెనీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే అయ్యే ఖర్చు కూడా లెక్కలో ఉండాలి. ఉన్న పొలమో, నగలో తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు చివరి పైసా దాకా థియేటర్‌కే పోతే, ఏళ్ల తరబడి కొనాల్సిన విటమిన్ మాత్రలకు ఏం మిగులుతుంది?

కత్తి ఒక్కటే కాదు

పదేళ్ల కిందట లేని దారులు ఇప్పుడున్నాయి. ఆకలిని తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చాయి. ఆపరేషన్ తరవాత సరిగా బరువు తగ్గని 70 మందికి ఇదే కోవకు చెందిన పాత మందు లిరాగ్లుటైడ్‌ను లండన్ పరిశోధకులు ఇచ్చి చూశారు. 24 వారాల్లో మందు తీసుకున్నవారు సగటున 8.8 శాతం తగ్గారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో తగ్గుదల అర శాతమే. 2023లో వచ్చిన ఈ ఫలితాలతో 'ముందు మందు, తరవాత కత్తి' అన్న ఆలోచనకు బలం వచ్చింది.

అయితే ఇవి ఆపేస్తే బరువు మళ్లీ పెరుగుతుంది. వికారం, వాంతులు ఇబ్బంది పెట్టొచ్చు. డాక్టరు చూడకుండా, తెలిసినవాళ్లు వాడారని వాడకూడదు. పైగా జారిన బ్యాండ్‌నో, ఛాతీలోకి పాకిన జీర్ణాశయాన్నో ఏ ఇంజెక్షనూ సరిచేయలేదు. బైపాస్ తరవాత దారి వెడల్పయినవారికి నోటిగుండా ఎండోస్కోప్ పంపి, కోత లేకుండా కుట్లతో బిగించే పద్ధతి కూడా ఉంది.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆలోచించుకునే తీరిక ఉండదు. నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, రక్తపు వాంతులు, నల్లటి విరేచనాలు, తగ్గని తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులతోపాటు నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మిగిలినవారికి ఒక నెలో, ఆరు నెలలో ఆగి ఆలోచించుకునే వ్యవధి సాధారణంగా ఉంటుంది. ఎంతకాలం ఆగొచ్చో డాక్టరునే అడగాలి.

ఇవి అడగండి

* నాకు మొదటి ఆపరేషన్ ఎందుకు పట్టు తప్పింది? పరీక్షల్లో ఏం తేలింది?
* ఆపరేషన్ చేయించుకోకపోతే వచ్చే ఐదేళ్లలో ఏం కావచ్చు?
* మందులు, ఎండోస్కోపీ పద్ధతులు నాకు పనికొస్తాయా? రావంటే కారణం ఏమిటి?
* ఇలాంటి రివిజన్లు మీరు ఇదివరకు ఎన్ని చేశారు? ఎలాంటి చిక్కులు వచ్చాయి?
* ఏదైనా తేడా వస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఐసీయూ ఉందా?
* ఏడాది తరవాత నన్ను చూసేదెవరు? డైటీషియన్ ఉంటారా?

ఈ ప్రశ్నలకు చిరాకుపడే డాక్టరు దగ్గర చేయించుకోవాల్సిన అవసరం లేదు. రాసుకుని వెళ్లడం, వెంట ఒకరిని తీసుకెళ్లడం మరీ మంచిది. భయంలో ఉన్నవారికి సగమే వినిపిస్తుంది. మిగతా సగం పక్కనున్నవారు వింటారు.

ఇంట్లో వాళ్ల మాట

'నిన్ను నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా? నాకిలాగే బాగున్నావ్, వద్దులే' అంటాడు భర్త. ప్రేమతోనే. 'ఈ వయసులో ఎందుకమ్మా కోయించుకోవడం? పొద్దున్నే మెంతుల నీళ్లు తాగు' అంటుంది అత్త. ఆమెదీ ఆరాటమే. 'అమ్మా, నీకేమైనా అయితే?' అన్న పిల్లాడి మాటకు మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు. చివరికి చాలామంది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

దానికి 'ఏమీ కాదు' అన్నది జవాబు కాదు. అది ఎవరూ ఇవ్వలేని హామీ. ఇంట్లోవాళ్లను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, చేయిస్తే ముప్పెంతో, చేయించకపోతే ముప్పెంతో వాళ్ల చెవులతో విననివ్వడం మేలు. చేయించకపోవడం కూడా ముప్పులేని దారేమీ కాదని చాలా కుటుంబాలకు అప్పుడే తెలుస్తుంది. ఒక్కోసారి దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. రోగి తొందరపడుతుంటే, డాక్టరు మాట విన్న భర్త 'ముందు ఆర్నెల్లు మందు వాడి చూద్దాం' అంటాడు. అదీ మంచిదే.

ఇంట్లోవాళ్లు చేయగల సాయం ఇంకొకటుంది. లెక్కలు చూడకపోవడం! పళ్లెంలోకి తొంగిచూసి 'ఇదా నువ్వు తినేది' అనడం, చుట్టాల ముందు ఆపరేషన్ ఖర్చు ఎత్తడం ఆపితే చాలు. తిండిని దాచుకుని తినే పరిస్థితి రాకుండా ఉంటుంది. దాచుకుని తినే ఇంట్లో ఏ ఆపరేషనూ నిలవదు.

'చేయించుకోను' అన్నది పిరికితనం కాదు. కారణం తెలుసుకుని, మందులతోనో అలవాట్లతోనో నెట్టుకొస్తానని, ఏటా పరీక్షలు చేయించుకుంటానని చెప్పడం బాధ్యత గల జవాబే. 'చేయించుకుంటాను' అన్నది ఓటమి కాదు. గుండెకు వేసిన స్టెంటు మూసుకుపోతే రెండోసారి వేయించుకున్నవారిని ఎవరూ తప్పుబట్టరు కదా! భయం పూర్తిగా పోయాకే నిర్ణయం తీసుకోవాలనుకుంటే అది ఎప్పటికీ జరగదు. కత్తి కిందికి వెళ్లేవారెవరికైనా భయం ఉంటుంది. ఆ భయంలో ఎంత వాస్తవమో, ఎంత సిగ్గో విడదీసి చూసుకున్నాక మిగిలిన దానితో... వెళ్లొచ్చు, ఆగొచ్చు. ఏదైనా సరే, అది నలుగురి మాట కోసం కాకుండా తన ఒంటి కోసం తీసుకున్న నిర్ణయం కావాలి.